దోమల పేరు చెప్పి మా బందల్లో గంబూషియా చేపలు వదలొద్దండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ పేపర్ జిల్లా పేజీలో ఒక ఫోటో వేశారు, చెరువు గట్టు మీద నలుగురు పెద్దమనుషులు నిలబడి ప్లాస్టిక్ డబ్బాలోంచి చిన్న చిన్న చేపల్ని నీళ్లలోకి వంపుతున్నారు, కింద దోమల నివారణకు గంబూషియా చేపల విడుదల అని రాశారు. చదివినవాళ్లు ఎవరైనా పోన్లే మందు కొట్టే పని లేకుండా చేపలతోనే దోమలు పోతే అంతకంటే ఏం కావాలి అనుకుంటారు. నేను హైస్కూల్లో బయాలజీ చెప్తాను, మాది రాజాం అవతల పల్లెటూరు, మొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా. ఈ చేప సంగతి మీ పాఠకులకి రెండో వైపు నుంచి కూడా తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, కోసెయ్యకుండా వేస్తారని ఆశిస్తున్నాను.

ముందు ఈ చేప ఏంటో చెప్తాను. ఇది మన దేశం చేప కాదు, అమెరికాది. దోమల కోసమే 1928లో మన దేశానికి తెచ్చారు. ఆడది బాగా ఎదిగితే రెండున్నర అంగుళాలు, మగది అందులో సగం ఉంటుంది. నోరు పైకి తిరిగి ఉంటుంది, నీటి మీద తేలేదాన్ని అందుకోడానికి వీలుగా. కడుపుతో ఉన్న ఆడచేపని గాజు సీసాలో వేసి వెలుతురుకి పెట్టి చూస్తే పొట్ట వెనక వైపు నల్లటి మచ్చ కనబడుతుంది. ఇది గుడ్లు పెట్టదండీ, పిల్లల్నే కంటుంది, అదే దీని బలం. మన పరిగె గుడ్లు నాచుకి అంటించి వెళ్లిపోతే వాటిలో ఎన్నో పాడైపోతాయి, ఎన్నో ఇంకోటి తినేస్తుంది, దీని పిల్లలు మాత్రం బయటకి రాగానే ఈదేస్తాయి. దాదాపు నెలకోసారి కంటుంది, ఒక్కో కాన్పులో పదుల్లో, పెద్దదైతే వంద వరకూ కూడా. ఇంక మీరే లెక్కేసుకోండి, జూన్‌లో డబ్బాడు వదిలితే సంక్రాంతికి ఆ బందలో, అదే మా వైపు ఊరి చిన్న చెరువులో, ఏముంటాయో.

దోమ పిల్లల్ని తింటుందా అంటే తింటుంది, అందులో అబద్ధం లేదు. రోజుకి వంద నుంచి మూడొందల దాకా తింటుందని చెప్తారు, కానీ ఆ లెక్క తొట్టిలో వేరే తిండి ఏమీ లేకుండా దోమ పిల్లలే వేసినప్పటిది. చెరువులో దానికి ఇంకా చాలా దొరుకుతాయి కదా. నీటిలో కంటికి ఆనీ ఆననట్టు గెంతే నీటిఈగలు, పురుగులు, మిగతా చేపల గుడ్లు, అప్పుడే పొదిగిన పిల్లలు, కప్ప పిల్లలు, వీటన్నిటినీ వదిలేసి దోమ పిల్లల కోసం వెతుక్కుంటూ పోదు. 1972లో అమెరికాలో హర్ల్‌బర్ట్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు చిన్న చిన్న కృత్రిమ చెరువులు కట్టి కొన్నింట్లో గంబూషియా వేసి కొన్నింట్లో వెయ్యకుండా చూశారు, సైన్స్ పత్రికలో అచ్చయింది. గంబూషియా ఉన్న చెరువుల్లో నీటిఈగలు, పురుగులు బాగా తగ్గిపోయాయి, వాటిని తినేసరికి నాచుని తినేవాళ్లు లేక నీళ్లు పచ్చగా చిక్కగా అయిపోయాయి. అంటే దోమ మాట అలా ఉంచి చెరువు స్వభావమే మారిపోయింది. 1982 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మలేరియాకి ఈ చేపని వాడమని చెప్పడం మానేసింది, స్థానిక చేపలకి హాని చేస్తోందనే. ప్రపంచంలో అత్యంత నష్టం చేసిన 100 పరాయి జాతుల జాబితాలో దీని పేరుంది. మన జాతీయ జీవవైవిధ్య అథారిటీ కూడా దీన్ని ఆక్రమణ జాతుల జాబితాలో పెట్టింది. ఇంత తెలిశాక కూడా 2023లో మన రాష్ట్రంలో కోటి దాకా గంబూషియాల్ని మంచినీటి వనరుల్లో వదిలారని పేపర్లన్నీ రాశాయి. ఒక ప్రభుత్వ సంస్థ వద్దని జాబితాలో పెడితే ఇంకో చేత్తో మనమే ఇన్నిన్ని వదలడం నాకు అర్థం కావట్లేదు.

ఇప్పుడు అసలు మాట, దోమ ఎక్కడ పెరుగుతోంది? మన జిల్లాల్లో జనాన్ని పట్టి పీడించే జబ్బులు చూడండి. డెంగీ తెచ్చే దోమ చెరువులో గుడ్లు పెట్టదు, మన ఇంటి సిమెంటు తొట్టెలో, కూలర్ అడుగున, పెరట్లో పడేసిన టైరులో, తాగేసి పారేసిన కొబ్బరిబొండంలో, డాబా మీద మూత లేని ట్యాంకులో పెడుతుంది. శ్రీకాకుళం, విజయనగరం బోదకాలుకి పేరు మోసిన జిల్లాలు, కాళ్లు వాచిపోయి కాలికి సరిపడా చెప్పు దొరక్క గోనెపట్టా చుట్టుకుని నడిచే ముసలోళ్లని మన ఊళ్లల్లో చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాం, ఆ జబ్బు తెచ్చే క్యూలెక్స్ దోమ మురికి కాలవల్లో, లెట్రిన్ గుంటల్లో పెరుగుతుంది. ఇంక మలేరియా ఎక్కువగా ఉండేది పార్వతీపురం, సీతంపేట వైపు ఏజెన్సీలో, అక్కడ మలేరియా మోసే దోమల్లో ముఖ్యమైన అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ కొండల మీంచి మెల్లగా పారే గెడ్డల, అంటే వాగుల, అంచుల్లో గుడ్లు పెడుతుంది. ఈ మూడింట్లో ఏ ఒక్కదానికీ మా ఊరి బందలో చేప వదిలితే ఏం ఒరుగుతుందో చెప్పండి. ఫోటోకి మాత్రం చెరువు గట్టే బాగుంటుంది, మురికి కాలవ పక్కన నిలబడి ఎవరూ ఫోటో దిగరు.

సరే పోనీ, హాని ఏముంది, పోతే పోనీ అంటారా, హాని ఉందండి, చాలా ఉంది. మన బందల్లో, తంపరల్లో (నీరు నిలిచే పల్లపు నేలల్లో) ఏం చేపలున్నాయో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. పరిగెలు, మట్టగిడసలు, కొర్రమీను, ఇంగిలాయి, మార్పు, బొమ్మిడాయి, గొరక. బొచ్చె, శీలావతి లాగా వీటిని ఎవరూ సీడ్ తెచ్చి వెయ్యలేదు, వానలకి గెడ్డల్లోంచి ఎదురెక్కి వచ్చి వరిమళ్లల్లో గుడ్లు పెట్టి పెరిగేవి. పేదింట్లో కూరకి ఇవే. కొర్రమీను పిల్లల్ని కాపాడుకోవడం చూశారా ఎప్పుడైనా? పిల్లలు ఎర్రగా, వందలకొద్దీ గుంపుగా నీటి మీదకి వచ్చి గాలి పీల్చుకుని మళ్లీ కిందకి దిగుతూ ఉంటాయి, నీరు అక్కడ సన్నగా గలగలలాడుతూ కనిపిస్తుంది, ఆ గుంపు కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, ఏదైనా దగ్గరికొస్తే మీద పడతాయి. అంత కాపలా ఉన్న కొర్రమీనే ఎలాగోలా నెట్టుకొస్తుంది. పరిగెకి ఆ కాపలా లేదు, దాని గుడ్లూ పిల్లలూ గంబూషియా నోటికి సరిగ్గా సరిపోయే సైజు.

ఇంకో మాట, దోమ పిల్లల్ని తినే చేపలు మనకే ఉన్నాయి కదా, ఎందుకు బయట నుంచి తేవడం? నెత్తి మీద వెండి చుక్క మెరుస్తూ ఉండే ఒక చిన్న చేప ఉంటుంది, గట్టు మీద నిలబడి పైనుంచి చూస్తే ముందు ఆ చుక్కే కనబడుతుంది, చేప తర్వాత కనబడుతుంది, అది ఎప్పుడూ నీటి పై పొరలోనే తిరుగుతూ దోమ పిల్లల్ని తింటుంది. చిన్న పరిగెలు తింటాయి, గొరక పిల్లలు తింటాయి. తూనీగ పిల్లలు నీళ్లలో ఉన్నన్నాళ్లూ తింటాయి. వీటినే గంబూషియా తినేస్తే, లేదా తోకలు కొరికి తిండి దగ్గరికి రానివ్వకుండా తరిమేస్తే, దోమకి మనం సాయం చేసినట్టా హాని చేసినట్టా? మా స్కూల్లో పిల్లలకి చూపించడానికి ఒక పెద్ద గాజు జాడీలో నాలుగు గంబూషియాలు, కొన్ని కప్ప పిల్లలు వేసి ఉంచాం, పక్కన ఇంకో జాడీలో కప్ప పిల్లలు ఒక్కటే. మర్నాటికి మొదటి జాడీలో కప్ప పిల్లల తోకలు అంచులు చిరిగిపోయి ఉన్నాయి, కొన్నింటికి సగం తోకే మిగిలింది, ఈదలేక అడుగున పక్కకి ఒరిగి పడున్నాయి. రెండో జాడీలో అన్నీ బాగున్నాయి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకర్తి అడిగింది, మరి కప్పలు దోమల్ని తింటాయి కదా సార్ అని. ఆ ప్రశ్న చేపలు వదిలే ముందు ఎవరైనా అడిగితే బాగుండేది.

ఆస్ట్రేలియా వాళ్లు ఈ చేపని 1925లో తెచ్చుకుని ఇప్పటికీ వదిలించుకోలేక బాధపడుతున్నారు. క్వీన్స్‌లాండ్‌లో ఎడ్జ్‌బాస్టన్ అనే చోట నేల లోంచి ఉబికే ఊటనీటి గుంటలున్నాయి, ఎర్ర రెక్కల బుల్లి చేప ఒకటి ప్రపంచం మొత్తంలో అక్కడే బతుకుతుంది, గంబూషియా చేరిన గుంటల్లోంచి అది మాయమవుతూ వచ్చి ఇప్పుడు అంతరించిపోయే దశలో ఉంది. ఆ దేశం శాస్త్రవేత్తలు అమెరికా వాళ్లతో కలిసి 2021లో ఒక ప్రయోగం అచ్చేశారు, చాలా గొప్పగా అనిపించింది నాకు. గంబూషియాకి దాని సొంత దేశంలో శత్రువు బాస్ అనే పెద్ద చేప. అచ్చం ఆ చేపలా ఉండే రోబో ఒకటి చేసి, గంబూషియాలు, కప్ప పిల్లలు కలిపి ఉన్న తొట్టెలో పెట్టారు, గంబూషియా కప్ప పిల్ల దగ్గరికి వెళ్లినప్పుడు కెమెరాతో కనిపెట్టి ఆ రోబో దాని మీదకి వస్తుంది. ఒక్కదాన్ని కూడా చంపలేదు, కొరకలేదు, ఊరికే బెదిరించింది అంతే. ఆ భయానికే గంబూషియాలు కప్ప పిల్లల జోలికి పోవడం తగ్గించేశాయి, ఒంట్లో నిల్వ ఉన్న కొవ్వు కరిగిపోయింది, మగవాటిలో వీర్యకణాల లెక్క పడిపోయింది. బెదురులో బతికే చేపకి తిండి మీద, పిల్లల మీద ధ్యాస ఉండదన్నమాట. వేటాడే చేప చెరువులో ఉండటం అంటే రోజుకి నాలుగు చేపల్ని తినెయ్యడం ఒక్కటే కాదు, మిగతావాటి బతుకు తీరే మార్చేస్తుంది.

ఇది చదివినప్పుడు నాకు మా చెరువులే గుర్తొచ్చాయి. మన నీళ్లల్లో కూడా గంబూషియాని అదుపులో పెట్టగలిగేవి ఉన్నాయి, కొర్రమీను ఉంది, వాలుగ ఉంది, నీటికాకులు, కొంగలు ఉన్నాయి, తేలినీలాపురం, తేలుకుంచి వైపు ఏటా వచ్చే పక్షుల్ని ఆ ఊళ్ల జనం ఇంటి పిల్లల్లా చూసుకుంటారు. కానీ వేలంపాటలో పాడుకున్న చెరువుల్లో ఏం చేస్తున్నాం? సీడ్ వేసే ముందు ఇప్పచెక్క వేసి కొర్రమీను, వాలుగ, జెల్ల ఏది ఉంటే అది చంపేసి అప్పుడు బొచ్చె, శీలావతి పిల్లల్ని వేస్తాం. పాటదారుని తప్పు పట్టట్లేదు, లక్షలు పోసి పాడుకున్నాడు, వాలుగ ఉంటే సీడ్ మిగలదు, అది నిజం. కానీ అలా వేటచేపల్ని ఖాళీ చేసిన చెరువులోకి గంబూషియాని వదిలితే దానికి అడ్డు చెప్పేది ఏదీ ఉండదు. పక్షుల వల్ల చేపలు పోతున్నాయని గోల పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు గానీ ఈ సంగతి ఎవరూ మాట్లాడరు.

జబ్బుల మాట కూడా చెప్పాలి. బయట నుంచి చేప తెచ్చినప్పుడు చేప ఒక్కటే రాదు, దాని ఒంటి మీద పేను వస్తుంది, కడుపులో పురుగు వస్తుంది, డబ్బాలో నీళ్లతో పాటు ఇంకేవో వస్తాయి. గంబూషియా కడుపులో ఆసియా బద్దెపురుగు ఉండటం చాలా దేశాల్లో చూశారు, అది పరిగె, శీలావతి జాతి చేపలకి కూడా అంటుకునే పురుగు. పాతవాళ్లకి పుండ్ల జబ్బు గుర్తుండే ఉంటుంది, ఒంటి మీద ఎర్రమచ్చలుగా మొదలై కండ లోపలి దాకా కుళ్లిపోయి పుండు పడేది, కొర్రమీనుకీ పరిగెలకీ ఎక్కువగా వచ్చేది, వాన వెలిసి చలి మొదలయ్యాక ముఖ్యంగా. ఆ చేపని చూసి జనం చేపలు కొనడమే మానేసిన రోజులు ఉన్నాయి. అది నీటిలో పెరిగే బూజు లాంటి అఫనోమైసిస్ అనే జీవి వల్ల వస్తుంది. మొదట 1971లో జపాన్‌లో కనబడింది, మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలో, ఆగ్నేయాసియా అంతా తిరిగి 1988లో మన ఈశాన్య రాష్ట్రాల్లోకి వచ్చింది, కొన్నేళ్లలోనే దేశమంతా పాకిపోయింది. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలో ఉన్న కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ వాళ్లు దానికి సిఫాక్స్ అనే మందు కనిపెట్టారు, చెరువుల్లో సున్నం వెయ్యడం కూడా అప్పటి నుంచే బాగా అలవాటైంది. కానీ పాట పాడుకున్న చెరువులో మందు వెయ్యగలం, నాగావళిలో ఎవరు వేస్తారు? తంపరలో ఎవరు వేస్తారు? ఎవరూ పెంచకుండా నదుల్లో, తంపరల్లో వాటంతటవే బతికే చేపలకి జబ్బు ఒకసారి వస్తే చూస్తూ ఊరుకోవడమే. అలాంటప్పుడు ఎక్కడో పెంచిన చేపల్ని జబ్బు ఉందో లేదో చూడకుండా, కొన్నాళ్లు విడిగా ఉంచకుండా తిన్నగా తెచ్చి చెరువులో వంపడం ఏం పద్ధతి?

కొందరు అంటారు, మా చెరువులోనే కదా వదిలాం, అక్కడే ఉంటుంది అని. మన జిల్లాల సంగతి తెలిసినవాళ్లు ఎవరూ ఆ మాట అనరు. 2021 సెప్టెంబర్‌లో గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటినప్పుడు ఎన్ని చెరువులు పొంగాయి, ఎన్నిచోట్ల గట్లు తెగాయి? చెరువు పొంగితే కళింగ (అలుగు) మీంచి పొలాల్లోకి, పొలాల్లోంచి గెడ్డలోకి, గెడ్డలోంచి సువర్ణముఖిలోకి, అక్కడి నుంచి నాగావళిలోకి, దారిలో ఎక్కడా ఆపేది లేదు. ఈ చేప వేడినీళ్లు తట్టుకుంటుంది, గాలి తక్కువున్న నీళ్లు తట్టుకుంటుంది, కొంచెం ఉప్పునీళ్లు కూడా తట్టుకుంటుంది, అంటే కళ్లేపల్లి దగ్గర నది సముద్రంలో కలిసేదాకా దానికి చోటే. ఒకసారి నదిలో పడ్డాక వల వేసి ఏరి పారెయ్యలేం. మా ఊళ్లో వల వేసే పెద్దాయన మొన్న కనబడితే పరిగెలు పడుతున్నాయా అని అడిగాను. "పరిగెలెక్కడియి మేస్టారూ, బందలో సన్నవల ఏస్తే ఈ సీమ సేపలే పడతన్నాయి, కూరకి పనికిరావు, అమ్మితే కొనీవోడు లేడు" అన్నాడు. పరిగెలు తగ్గిపోవడానికి ఇదొక్కటే కారణం అని నేను అనను, వరిలో కొట్టే పురుగుమందులున్నాయి, గెడ్డలు పూడిపోయాయి, బందలు కప్పేసి ఇళ్లు కట్టేశారు. అన్ని దెబ్బలూ తిన్న చేప మీద ఇంకో దెబ్బ మనమే డబ్బు ఖర్చు పెట్టి వెయ్యడం ఎందుకనే నా బాధ.

భూమ్మీద మంచినీరు ఉన్న జాగా ఒక్క శాతం కూడా లేదు, అయినా ప్రపంచంలో ఉన్న చేప జాతుల్లో సగం దాకా అందులోనే బతుకుతున్నాయి. 2025 జనవరిలో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం మంచినీటి జీవుల్లో దాదాపు నాలుగో వంతు అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నాయి, చేపలు, పీతలు, రొయ్యలు, తూనీగలు అన్నీ కలిపి చూసిన లెక్క అది. పులి గురించి, ఏనుగు గురించి పేపర్లో రోజూ వస్తుంది, రావాలి కూడా, కానీ బందలో పరిగె లేకుండా పోతే ఎవరికీ వార్త కాదు.

అందుకని నేను అడిగేది ఏంటంటే, దోమల మీద పోరాటం ఆపమని కాదు, అది ఇంకా గట్టిగా చెయ్యాలి. గంబూషియా ఇప్పటికే ఎక్కడైనా పెంచుతుంటే అవి బయటకి పోవడానికి దారి లేని సిమెంటు తొట్టెలకీ, వాడకం లేని నేలబావులకీ మాత్రం పరిమితం చెయ్యండి, చెరువు, బంద, తంపర, గెడ్డ, ఊట ఏదీ ముట్టుకోవద్దు. మురికి కాలవలు తీయించండి, లెట్రిన్ గొట్టాలకి వల కట్టించండి, వారానికొక రోజు ఇంటింటికీ తిరిగి తొట్టెలు ఖాళీ చేయించండి, ఏజెన్సీలో దోమతెరలు సమయానికి పంచండి. చేపలే కావాలంటే మన నీళ్లల్లో పుట్టిన చేపల్నే పెంచి వదలండి, జిల్లాల్లో మత్స్యశాఖ ఉంది, డిగ్రీ కాలేజీల్లో జువాలజీ డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి, ఏ బందలో ఏ చిన్నచేపలు మిగిలాయో పిల్లల చేత సర్వే చేయించొచ్చు, మా స్కూల్ పిల్లల్ని నేను తీసుకొస్తాను. ఇంకోటి, 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, చాలా ఊళ్లల్లో అది కాగితం మీదే ఉంది. ఊరి నీళ్లల్లోకి కొత్త చేప వదిలే ముందు ఆ కమిటీని కూర్చోబెట్టి, వల వేసేవాళ్లనీ పిలిచి, అడిగి, రాయించుకుని అప్పుడు చెయ్యమని కలెక్టర్ గారు ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు.

మీ రిపోర్టర్లకి కూడా ఒక విన్నపం, ఈసారి ఇలాంటి ఫోటో వచ్చినప్పుడు ఏ చేప, ఎక్కడ నుంచి తెచ్చారు, జబ్బు పరీక్ష చేశారా, ఆ చెరువు పొంగితే నీరు ఎటు పోతుంది అని నాలుగు ప్రశ్నలు అడిగి ఆ జవాబులు కూడా వెయ్యండి. వానలు పడగానే మా మండలానికి మళ్లీ డబ్బాలు వస్తాయని విన్నాను. ఈలోగా మీరు ఈ ఉత్తరం వేస్తే ఆ కటింగ్ పట్టుకెళ్లి పంచాయతీ వాళ్లతో మాట్లాడతాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఒక బయాలజీ టీచర్, రాజాం దగ్గర, విజయనగరం జిల్లా